‘జామ్ అవుతోంది’ అంటే ఏమిటని అడగాలి: రిపేరు బల్ల మీద పాయింట్ 22 రైఫిల్

అమెరికాలో తుపాకుల రిపేరు బల్ల దగ్గర పని చేసే తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువ వినబడే మాట ‘జామ్’. తూటా చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోకి) ఎక్కకపోయినా జామే, పేలిన తూటా ఖాళీ గుల్ల బయటికి రాకపోయినా జామే, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకున్నా జామే. ఈ మూడింటికీ కారణాలు వేరు, వెతకాల్సిన చోట్లూ వేరు. మన ఇంగ్లిష్ ఎక్కడ తడబడుతుందో అన్న బెరుకుతో చాలామంది ప్రశ్నలు వేయకుండానే రైఫిల్ విప్పేస్తారు. అది తప్పు. ఆగినప్పుడు తూటా ఎక్కడుంది? ఏ మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె)? ఏ రకం తూటాలు? మొదటి రౌండుకా, చివరి రౌండుకా? ఈ నాలుగూ అడిగితే సగం పని బల్ల ఎక్కకముందే అయిపోతుంది.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు. స్నేహితుడి రైఫిల్ చూసి పెడదామని చెయ్యి వేసే ముందు ఈ విషయం లాయరుతో తేల్చుకోండి. ఇమ్మిగ్రేషన్ కాగితాల మీద పడే దెబ్బ చిన్నది కాదు.

ఇక రైఫిల్. బల్ల మీదికి తరచుగా వచ్చేది రూగర్ కంపెనీ పాయింట్ 22 (0.22 అంగుళాల) రైఫిల్, 10/22. 1964 నుంచి తయారవుతోంది. లోపల చక్రంలా తిరిగే పది తూటాల మ్యాగజైన్ దాని గుర్తు. ఇందులో చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్‌కు తాళం లాంటిదేమీ ఉండదు. తూటా పేలినప్పుడు గుల్ల వెనక్కి తన్నే బలంతోనే బోల్ట్ వెనక్కి పోతుంది, స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. అంటే తూటా శక్తి, బోల్ట్ బరువు, స్ప్రింగ్ బిగువు మూడూ కుదరాలి. 40 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ (తూటా నుంచి ఎగిరిపోయే సీసం ముక్క) స్టాండర్డ్ వెలాసిటీ రకంలో సెకనుకు సుమారు 1,070 అడుగులు, హై వెలాసిటీలో 1,250 దాకా పోతుంది. తక్కువ వేగం రకం వాడితే కొన్ని రైఫిళ్లలో బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు. అప్పుడు ఖాళీ గుల్ల పొగగొట్టంలా నిలువుగా నిలబడి ఇరుక్కుంటుంది. కాబట్టి ఏదీ విప్పకముందు హై వెలాసిటీ తూటాలతో ఒకసారి చూడాలి. దాంతో సరిపోతే రైఫిల్‌లో లోపం వెతకనక్కర్లేదు.

తర్వాత మ్యాగజైన్లు. ఒక్కోదాని అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాయండి. లోపం ఎప్పుడూ 2తోనే వస్తుంటే తప్పు ఆ మ్యాగజైన్‌దే. లోపల నూనె పోయకండి. పాయింట్ 22 బుల్లెట్‌కు పైనే మైనం పూసి ఉంటుంది. నూనె తగిలితే అది మసితో కలిసి జిగట ముద్దవుతుంది.

రైఫిల్ మీద చెయ్యి వేసే ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోవాలి. తూటాలు ఆ బల్ల మీద ఉండకూడదు.

గుల్ల బయటికి రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్‌ను భూతద్దం కింద చూడండి. బోల్ట్ ముఖం పక్కన చిన్న ఉక్కు కొక్కెం అది. దాని మొన పదునుగా కనబడాలి, గుండ్రంగా అరిగి ఉండకూడదు. కొక్కేనికీ బోల్ట్‌కూ నడుమ నల్లటి మైనం గట్టిపడి ఉంటుంది. టూత్‌పిక్‌తో గీకితే పెళుసుగా రేకులు రేకులుగా ఊడుతుంది. అది ఉన్నంతకాలం కొక్కెం తూటా అంచును పూర్తిగా పట్టలేదు. చాంబర్‌లో కూడా గుల్ల మూతి ఆనే చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. ఇత్తడి రంగు బ్రాంజ్ బ్రష్‌ను సాల్వెంట్‌లో తడిపి, చాంబర్‌లో నాలుగైదు చుట్లు తిప్పి, పొడిగుడ్డతో తుడవాలి. కొన్ని పాత రైఫిళ్లలో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ ఫైరింగ్ పిన్ (తూటా అంచును కొట్టి పేల్చే మొన) చాంబర్ అంచును సొట్ట పెడుతుంది. ఆ సొట్ట లోపలికి పొంగి గుల్లను పట్టేస్తుంది. దాన్ని ఆకురాయితో కాదు, దానికని ఉన్న పనిముట్టుతో వెనక్కి ఒత్తాలి.

టిక్కుమని పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. చప్పుడు మామూలు కంటే బలహీనంగా వస్తే అక్కడితో ఆపేసి, ఖాళీ చేసి, బుల్లెట్ గొట్టంలో ఇరుక్కుందేమో చూడాలి. పేలని తూటాకు అంచు మీద పిన్ గుర్తు లోతుగా ఉంటే, రైఫిల్ తన పని చేసినట్టే. ఈ తూటాలో పేలుడు మందు అంచు చుట్టూ పరుచుకుని ఉంటుంది, కొన్నిట్లో ఒకచోట ఖాళీ పడుతుంది. అదే తూటాను సగం చుట్టు తిప్పి పెడితే చాలాసార్లు పేలుతుంది. గుర్తు పైపైన ఉంటే మాత్రం ఫైరింగ్ పిన్ దారిలో మురికి, హ్యామర్ (పిన్‌ను కొట్టే సుత్తి) స్ప్రింగ్, బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవడం, ఈ వరసలో వెతకాలి. చివర్లో హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ తూటా అంచు ఆనే చోటుకీ నడుమ జాగా: 0.043 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి. మిల్లీమీటర్లలో పెరిగిన మనకు అది 1.09. మైనస్ డిగ్రీల చలిలో చిక్కటి నూనె కూడా బోల్ట్‌ను నెమ్మది చేస్తుంది. చలికాలం పలచగా, చుక్కల లెక్కన రాయాలి.

గురి తప్పడం పూర్తిగా వేరే పని. రెండిటినీ కలిపి సవరించబోతే ఏది దేనివల్ల బాగుపడిందో తెలియదు. ముందు మరలు చూడండి. 10/22ను స్టాక్‌కు (భుజానికి ఆనే భాగానికి) పట్టి ఉంచేది ఒకే మర, గొట్టాన్ని రిసీవర్‌కు (బోల్ట్ ఉండే పెట్టెకు) బిగించేది వి ఆకారపు దిమ్మ, రెండు మరలు. వాటితో పాటు స్కోప్ బేస్, రింగులు. ఎంత బిగువుతో తిప్పుతున్నామో చూపే ఇంచ్-పౌండ్ టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకెకే బిగించాలి. మన చేతివాటం అంచనా ఇక్కడ పనికిరాదు, రిసీవర్ అల్యూమినియం కాబట్టి మర తీగలు కోసుకుపోతాయి. గొట్టాన్ని స్టాక్‌కు కట్టిన బ్యాండ్ ఉంటే, అది తీసి ఒకసారి కాల్చి చూడండి. స్కోప్ పెద్ద రైఫిళ్ల కోసం 100 గజాలకు సర్దినదైతే, 50 గజాల దగ్గర కన్ను కాస్త జరిగినా క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద జరుగుతుంది. దాన్ని గొట్టం తప్పు అనుకోకూడదు.

నా అనుభవంలో గురికి సంబంధించి అన్నిటికంటే పెద్ద తేడా తూటాలదే. ఆరేడు రకాలు తెచ్చి, ఒక్కో రకంతో 50 గజాల దగ్గర ఐదేసి రౌండ్ల గ్రూపులు (ఒకే గురికి వరసగా కాల్చినవి) ఐదు కాల్చండి. మూడు రౌండ్ల గ్రూపు అదృష్టాన్ని చూపిస్తుంది, రైఫిల్‌ను కాదు. రకం మార్చిన ప్రతిసారీ ముందు ఓ ఇరవై రౌండ్లు లెక్కలోకి తీసుకోవద్దు. పాత మైనం పోయి కొత్త మైనం గొట్టంలో పరుచుకోవాలి. శుభ్రం చేసిన వెంటనే గ్రూపు చెదరడానికీ కారణం ఇదే, కాబట్టి గొట్టాన్ని అస్తమానం తోమకండి. బాగా పడిన రకం దొరికితే పెట్టె మీది లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నంబరు రాసుకుని అదే లాట్ కొనండి.

ఇవన్నీ చూశాకే గొట్టం మూతి. కాటన్ బడ్‌ను మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుందో అక్కడ లోహం లేచింది. మామూలు 10/22 రిసీవర్‌కు వెనక రంధ్రం ఉండదు కాబట్టి చాలామంది మూతి నుంచే ఇనుప కడ్డీ దూర్చి ఆ అంచును పాడుచేస్తారు. చాంబర్ వైపు నుంచి లాగే తాడు వాడితే ఈ బెడద ఉండదు.

పని అయ్యాక చేతులు సబ్బుతో, చన్నీళ్లతో కడుక్కునే వరకు ఏమీ తినకండి. బుల్లెట్లు సీసం, మసిలోనూ సీసమే. రైఫిల్ తిరిగి ఇచ్చేముందు రేంజ్‌లో అవే మ్యాగజైన్లతో కనీసం 50 రౌండ్లు ఆగకుండా పోవాలి. ట్యాగ్ మీద తూటా రకం, లాట్ నంబరు, మ్యాగజైన్ నంబరు, ఎన్ని రౌండ్లు కాల్చారో ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాసి కట్టండి. అదే రైఫిల్ మళ్లీ వచ్చినప్పుడు బల్ల దగ్గర ఎవరున్నా పని అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.