రెండు ఉత్తరాలు

ఈ రోజు ఒక అమ్మాయి కౌన్సెలింగ్ సెషన్ అయ్యాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. తనెవరో తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

తనకు అనోరెక్సియా, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. మే నెల ఎండల్లోనూ స్వెట్టర్ తీయదు, చేతులు చల్లగా ఉంటాయి. వాళ్లమ్మ బాక్సులో పెట్టిన ఇడ్లీని గోరంత ముక్కలుగా తుంచి, మూత అంచున వరసగా పేరుస్తుంది. తినదు.

మొదటి మూడు వారాలు నేను చేసింది వాదించడమే. పొటాషియం, గుండె, ఎముకలు, ఆగిపోయిన పీరియడ్స్, అన్నీ చెప్పాను. నేను గట్టిగా చెప్పేకొద్దీ తను బిగుసుకుపోయింది. తప్పు నాదే. మనం మార్పు వైపు వాదిస్తే, వద్దనే వాదన పేషెంట్ నోట వస్తుంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మార్పుకు కారణాలు పేషెంట్ నోటే వచ్చేలా మాట్లాడించే పద్ధతి) గురించి సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో రాసినప్పటి నుంచీ మా రంగంలో తెలిసిన సంగతే. అయినా పిల్ల అలా చిక్కిపోతుంటే టెన్షన్‌లో మర్చిపోతాం.

బరువు, ఈసీజీ, రక్తపరీక్షలు డాక్టర్ గారు చూస్తూనే ఉన్నారు. ప్రాణం మీదికొస్తే తను ఒప్పుకునేదాకా ఆగే ప్రశ్నే లేదు. నా వంతుగా పోయిన వారం రెండు ఉత్తరాలు రాయమన్నాను: అనోరెక్సియాను స్నేహితురాలు అనుకుని ఒకటి, శత్రువు అనుకుని ఒకటి.

మొదటిది రెండు పేజీలు. "నువ్వొచ్చాకే నాకంటూ ఒకటి ఉందనిపించింది" అని మొదలైంది. అది తనకు ఏమిచ్చిందో ఇన్నాళ్లూ నేను అడగనేలేదు.

రెండోది నాలుగే లైన్లు. చివరి లైన్: "నీ వల్ల అమ్మ కూడా సరిగ్గా తినడం లేదు."

రెండోది నా దగ్గరే ఉంచమంది. మొదటిది మడిచి బ్యాగులో పెట్టుకుంది. నేను వద్దనలేదు.