పిడుదుల కోసం కాదు, మిడతల కోసం

గేదె వీపు మీద వాలిన తెల్లకొంగను చూసినప్పుడల్లా, అది పిడుదులు ఏరుకు తినడానికే వచ్చిందని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఒక సాయంత్రం మేస్తున్న ఆవుకు కాస్త దూరంలో గట్టు మీద కూర్చుని, గంటసేపు వాటినే చూస్తూ గడిపిన తరువాత ఆ నమ్మకం సడలిపోయింది. ఆ గంటలో కొంగ ఒక్కసారైనా ఆవు ఒంటి మీద ముక్కు పెట్టలేదు. దాని చూపంతా ఆవు మూతి దగ్గర, ముందు కాళ్ల దగ్గర కదిలే గడ్డి మీదే ఉంది. ఆవు అడుగు వేస్తే గడ్డిలోంచి మిడత లేచేది. కొంగ మెడను మెల్లగా అటూ ఇటూ ఊపి, ఒక్క పోటుతో దాన్ని అందుకుని, తల పైకెత్తి మింగి, మళ్లీ రెండడుగులు ముందుకు వేసేది.

ఈ తెల్లకొంగను పశువుల కొంగ అంటారు. పిడుదులూ ఈగలూ దొరికితే తింటుంది కానీ, దాని అసలు భోజనం మిడతలు, కీచురాళ్లు, సాలీళ్లు, చిన్న కప్పలు. పశువు వెంట తిరిగే కొంగ, ఒంటరిగా వెతుక్కునే కొంగ కంటే తక్కువ నడకతో ఎక్కువ పురుగులను పట్టుకుంటుందని పరిశీలనల్లో తేలింది. దున్నే ట్రాక్టరు వెనుక చేరేదీ ఇందుకే. దీని శాస్త్రీయనామంలో చాలాకాలం వాడిన ‘బుబుల్కస్’ అనే లాటిన్ మాటకు పశువుల కాపరి అని అర్థం. నిజానికి ఇక్కడ కాపరి కొంగ కాదు, దాని కడుపు నింపే పని తెలియకుండానే చేసిపెడుతున్నది ఆవే.

అడవులు కొట్టి పచ్చికబయళ్లు చేసిన చోటల్లా ఈ పక్షికి దారి దొరికింది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరి, 1953లో ఫ్లోరిడాలో గూడు కట్టుకుంది.

చిన్న తెల్లకొంగతో దీన్ని పొరబడేవారు ముక్కు చూస్తే చాలు: దానిది నలుపు, దీనిది పసుపు, పైగా పొట్టి. గుడ్లు పెట్టే కాలంలో తలా రొమ్మూ నారింజ రంగు పూసుకుంటాయి. అప్పుడు దీన్ని తెల్లకొంగ అనడానికి నాకు నోరు రాదు.

పొద్దు వాలి ఆవు ఇంటిదారి పట్టినప్పుడు, ఆ కొంగ దాని వెంట నాలుగడుగులైనా వేయకుండా, మెడ ముడుచుకుని చెరువు పక్కని చెట్లవైపు ఎగిరిపోయింది.