హాఫెన్‌సిటీలో ఆ ఇనుప తలుపు

జర్మనీలోని హాంబుర్గ్‌లో చూడాల్సినవి చాలానే చూశాను. కానీ ఎవరు అడిగినా నేను చెప్పేది హాఫెన్‌సిటీ అనే పేటలో నీటి అంచున ఉన్న ఒక కాఫీ షాపు గురించే. కాఫీ ఖరీదు ఎక్కువ, రుచి అంతంతమాత్రం. కానీ దాని గుమ్మం పక్కన బరువైన ఇనుప తలుపు ఒకటుంది, అంచుల చుట్టూ లావుపాటి రబ్బరు. అదేంటని అడిగితే, "నది పొంగితే మూసేస్తాం" అంది అక్కడ పనిచేసే అమ్మాయి, వానొస్తే కిటికీ మూస్తామన్నంత మామూలుగా.

ఊరు సముద్రానికి చాలా దూరంలో ఉన్నా, ఇక్కడ ఎల్బే నదిలో ఆటుపోట్లకు నీళ్లు మూడు మీటర్లకు పైగా లేచి దిగుతాయి. 1962 ఫిబ్రవరిలో తుఫాను ఉప్పెనకు కరకట్టలు తెగి ఈ నగరంలో 315 మంది చనిపోయారు. అంత దెబ్బ తిన్న ఊరు, 157 హెక్టార్ల పాత రేవును హాఫెన్‌సిటీ అనే ఈ కొత్త పేటగా మార్చేటప్పుడు చుట్టూ కరకట్ట కట్టలేదు! కడితే నది కనపడదు, పైగా అది పూర్తయ్యేదాకా లోపల ఒక్క ఇల్లూ లేవదు. అందుకే 2000లో ఖాయమైన మాస్టర్ ప్లాన్ ప్రకారం భవనాలను, ముఖ్యమైన రోడ్లను సముద్రమట్టానికి ఎనిమిది మీటర్ల పైన మెరక మీద లేపారు. ఆ మెరకలోనే కార్ల పార్కింగ్. కింద ఒడ్డు వెంబడి నడకదారిని మాత్రం నీళ్లకు వదిలేశారు. పెద్ద ఉప్పెన వస్తే అది మునుగుతుంది, పై వీధుల్లో జనం తిరుగుతూనే ఉంటారు.

ఇక్కడ నీటి వైపు దిగే మెగెల్లాన్ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కింద రాతి నేల, గాలి తగ్గించే చెట్లు తక్కువ, చలికి చెవులు నొప్పెట్టాయి. అయినా లేవబుద్ధి కాలేదు. ఏమైనా కొనమని అడిగేవాళ్లు లేరు. పాత ఓడలు కట్టేసిన తేలే వంతెన నీళ్లతోపాటు లేస్తోంది. ఒడ్డు నుంచి దానికి దిగే దారి నేను వచ్చినప్పుడు నిటారుగా ఉంది. ఒక ముసలాయన కమ్మీ పట్టుకుని ఆచితూచి దిగాడు. సాయంత్రానికి నీళ్లు లేచి ఆ దారి చదునైంది, దాని మీదే పిల్లలు పరుగెత్తారు.

కోపం తెప్పించింది 2025లో తెరిచిన పెద్ద మాల్. పక్కనే నది పెట్టుకుని, లోపల కాసేపు తిరిగేసరికి అది ఎటుందో తెలియలేదు. ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు కలిపి కట్టడం మంచిదే, కానీ నీటి ఒడ్డున కట్టినప్పుడు ప్రతి సందు చివరా నీళ్లు కనపడాలి కదా. పాత భాగంలో ఆ శ్రద్ధ ఉంది.

వెళ్లేవాళ్లు యూ4 మెట్రో రైలు దిగి మొదట ఆ మెట్ల దగ్గరికే వెళ్లండి. పోటు వేళలు ముందే చూసుకుని, ఆరేడు గంటల తర్వాత మళ్లీ ఒకసారి రండి.