లిచీలు కొన్నాక ఏం చేయాలి: కోనసీమ వంటింట్లో నా అనుభవం

మా కోనసీమలో వేసవి పండు అంటే ముందు మామిడే. అందుకే కాస్త పచ్చిగా ఉన్నా పర్లేదు, గడ్డిలో వేస్తే నాలుగు రోజుల్లో మాగుతుందిలే అనే లెక్క అందరి బుర్రలోనూ ఉంటుంది. లిచీ దగ్గర ఆ లెక్క అస్సలు పనికిరాదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే, తర్వాత వాడిపోవడమే గానీ మాగడం ఉండదు. మా అత్తయ్యగారు మొదటిసారి లిచీలు చూసి "పుల్లగా ఉన్నాయి కదమ్మా, బియ్యం డబ్బాలో పెట్టి చూద్దాం" అన్నారు. "ఇవి మాగవండి అత్తయ్యగారూ, పుల్లటివి పుల్లగానే కుళ్లిపోతాయి" అని చెప్పి వాటిని ఆ పూటే షర్బత్‌లోకి వాడేశాను. ఈ ఒక్క సంగతి తెలిస్తే కొనడం, దాచడం, వండడం అన్నీ దానంతటవే తేలికవుతాయి.

అమలాపురం గడియార స్తంభం సెంటర్ వైపు బళ్ల మీద కనిపించే లిచీలు మన దగ్గర పండినవి కావు. మన దేశంలో లిచీ అంటే బీహార్, అందులోనూ ముజఫర్‌పూర్. లిచీ మీద జాతీయ పరిశోధన కేంద్రం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. అక్కడి షాహీ రకానికి 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఒలుస్తుంటేనే గులాబీ వాసన వేస్తుంది. కాకపోతే అంత దూరం నుంచి ఎండల్లో మన దాకా వచ్చేసరికి పండు సగం అలిసిపోయి ఉంటుంది కాబట్టి బండి దగ్గరే జాగ్రత్త పడాలి.

నేనైతే విడికాయలు తీసుకోను. కొమ్మతో, వీలైతే రెండు ఆకులతో ఉన్న గుత్తి అడుగుతాను, ఆకు ఎంత ఎండిందో చూస్తే కోసి ఎన్నాళ్లయిందో తెలిసిపోతుంది. పచ్చరంగు ఎక్కువ ఉంటే పులుపు. తొక్క మీద బుడిపెలు ముళ్లలా గుచ్చుకోకుండా కాస్త అణిగి, గులాబీ ఎరుపులో ఉండాలి, వేలితో నొక్కితే కొంచెం లోపలికెళ్లి మళ్లీ పైకి రావాలి. తొక్క అక్కడక్కడా గోధుమరంగు తిరిగిందని మాత్రం వదిలేయకండి, అది తేమ ఆరిపోవడం వల్ల వచ్చే రంగు, లోపల గుజ్జు తెల్లగా బాగానే ఉండొచ్చు. వదిలేయాల్సింది తొక్క పగిలినదాన్ని, తొడిమ దగ్గర చెమ్మ కారుతున్నదాన్ని, పులిసిన వాసన వచ్చేదాన్ని. బండి అబ్బాయి ఏమీ అనుకోడు, "ఏరుకోండమ్మా" అంటాడు, అప్పుడు ఒకటి అక్కడే ఒలిచి తొడిమ వైపు చూడండి. గింజ పైభాగాన, తొడిమ అతుక్కునే చోట గోధుమరంగు పొడి కనిపిస్తే పురుగు తొలిచినట్టే. ఆ పురుగు బయటికి కనపడదు, అందుకే ఇంట్లో కూడా పిల్లలకి కాయ అలాగే ఇవ్వకుండా నేనే ఒలిచి, ఆ చోటు చూసి, గింజ తీసి ఇస్తాను. గింజ ఎలాగూ తినకూడదు, పైగా నున్నగా ఉండి చిన్నపిల్లల గొంతులో ఇట్టే జారుతుంది.

ఇంటికి రాగానే కడగొద్దు. తడితో బుట్టలో వదిలేస్తే మన ఉక్కపోతకి తెల్లారేసరికి బూజు పడుతుంది. అలాగని విడిగా ఫ్యాను కింద పెడితే రెండు మూడు రోజుల్లో తొక్క గట్టిపడి పెళుసవుతుంది. చేత్తో పీకితే తొడిమ దగ్గర తొక్క చిరుగుతుంది, కత్తెరతో చిన్న ముక్క కొమ్మ ఉంచి కత్తిరించాలి. పాత నూలు గుడ్డ తడిపి గట్టిగా పిండి, అందులో చుట్టి, మూత కొంచెం వదులుగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే వారం దాకా బాగుంటాయి. గుడ్డ మధ్యలో ఓసారి మార్చండి.

ఇంకో మాట, ఇది సీరియస్‌గా చెప్తున్నాను. ముజఫర్‌పూర్‌లో పిల్లలు చనిపోయారన్న వార్తలు చూసి మా అమ్మకి లిచీ అంటేనే టెన్షన్. 2014లో అక్కడ జబ్బు పడ్డ పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. లిచీలో, ముఖ్యంగా పచ్చికాయలో, రక్తంలో చక్కెరను బాగా పడగొట్టే సహజ పదార్థాలు ఉంటాయని, రాత్రి అన్నం తినకుండా లిచీలు ఎక్కువగా తిన్న పిల్లలకి ముప్పు ఎక్కువని అందులో తేలింది. కాబట్టి మా ఇంట్లో పిల్లలకి అన్నం అయ్యాకే లిచీ, అదీ బాగా పండినవే, నాలుగైదుకి మించి కాదు. పరగడుపున అసలే లేదు.

వంటకి వస్తే, నాకు లిచీ, కొబ్బరిపాలు కలిస్తే ఉన్నంత బాగా ఇంకే కలయికా అనిపించలేదు. పాయసానికి అరకప్పు సగ్గుబియ్యం నానబెట్టి, నీళ్లలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించి, రెండోసారి తీసిన పలుచటి కొబ్బరిపాలు, పంచదార వేసి సన్నసెగ మీద కాసేపు ఉంచుతాను. పొయ్యి కట్టేశాకే చిక్కటి మొదటి పాలు. పూర్తిగా చల్లారాక, అప్పుడు మాత్రమే లిచీ ముక్కలు. వేడిలో వేస్తే ఆ వాసన మొత్తం ఎగిరిపోతుంది, ముక్క సాగుతుంది. ఏలకులు వద్దు, నెయ్యిలో వేయించిన జీడిపప్పు కూడా వద్దు, రెండూ లిచీని మింగేస్తాయి. మా ఆడపడుచు పాయసంలో ఏలకులు లేకపోవడమేంటి వదినా అనేది, ఒక గిన్నె తిన్నాక అడగడం మానేసింది.

కాస్త పుల్లగా ఉన్నవాటితో పెరుగుపచ్చడి చేస్తాను. గట్టి పెరుగు, ఉప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు చల్లార్చి కలిపి, ముక్కలు వడ్డించే ముందు వేయాలి. అరగంట ఆగితే నీళ్లు ఊరిపోతాయి. పప్పన్నంలో నంజుకుంటే చాలా బాగుంటుంది. షర్బత్‌కైతే గుజ్జు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నానిన సబ్జా గింజలు వేస్తే చాలు.

మిగిలిపోయేలా ఉంటే తొక్కతోనే కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి, కవర్లో గాలి తీసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. తొక్క నల్లబడుతుంది, గుజ్జుకి ఏమీ కాదు. తినేటప్పుడు పూర్తిగా కరగనివ్వకండి, కరిగితే మెత్తబడి నీరు కారుతుంది. ఒక్క నిమిషం నీళ్లలో వేసి తొక్క ఊడదీసి, ఇంకా గట్టిగా ఉండగానే తినేయాలి.