సీటు కింద సీసా

నిన్న చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డే, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. 1990 నుంచి ఉన్న సర్క్యూట్, ఒక చుట్టు (ల్యాప్) సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. చెన్నైలో పదేళ్లుగా ఉంటున్నా, లోపలికి వెళ్లడం ఇదే మొదటిసారి.

కొత్త హెల్మెట్, కాటన్ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పల్చటి అడుగున్న బూట్లు, అన్నీ సరే. రెండో ల్యాప్‌లో గట్టిగా బ్రేక్ కొట్టగానే సీటు కింద నుంచి లీటరు నీళ్ల సీసా దొర్లుకుంటూ వచ్చి నా మడమకి తగిలింది. ఇంకో జానెడు ముందుకెళ్లి ఉంటే బ్రేక్ పెడల్ కిందే! గుండె ఝల్లుమంది. పొద్దున బామ్మర్ది "కారంతా ఖాళీ చేశావా బావా?" అని అడిగితే "ఎప్పుడో చేశా" అన్నది నేనే. ఫ్లోర్ మ్యాట్ కూడా తీయలేదు మరి.

వెనక వేగంగా వచ్చేవాళ్లకి చెయ్యి చూపించి దారివ్వడం మాత్రం భలే నచ్చింది. పూనమల్లి హైరోడ్డులో ఎవరైనా అలా ఇస్తారా?

ఆఖరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లార్చా. అయినా కారు ఆపగానే అలవాటుకొద్దీ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదికే పోయింది.

"వెయ్యకు బావా! వేడి మీద పట్టేస్తాయి, గేర్‌లో పెట్టు" అని బామ్మర్ది బయట నుంచి ఒకటే అరుపు.