బూట్లు కరుస్తున్నాయి అనొద్దన్నాడు మావాడు

"అమ్మా, ఇంకెప్పుడూ బూట్లు కరుస్తున్నాయి అని నాకు నేర్పకు" అన్నాడు మావాడు పోయిన వారం స్కూల్ నుంచి రాగానే, బ్యాగ్ కూడా దించకుండా. తొమ్మిదేళ్లు వాడికి. ఏమైందిరా అంటే, ఆ పొద్దున వాన అని కొత్త రబ్బరు బూట్లు వేసి పంపాను, మధ్యాహ్నానికి మడమ మండిపోతుంటే టీచర్ దగ్గరికెళ్లి ఇంగ్లీషులో "నా బూట్లు నన్ను కరుస్తున్నాయి" అన్నాడట. ఆవిడ కంగారుపడి బూటు విప్పించి, లోపల పురుగేమైనా దూరిందేమో అని తిరగేసి దులిపిందట. క్లాసంతా నవ్వారు. వాడికి ఏడుపొచ్చింది కానీ ఏడవలేదంట, ఆ సంగతి మాత్రం రెండుసార్లు చెప్పాడు.

సాక్సు విప్పి చూస్తే మడమ మీద బొటనవేలి గోరంత బొబ్బ. అది చూశాక కూడా నేను చేసిందేంటంటే, ఆ మాటలో తప్పేం లేదు, మన భాషలో చెప్పులు కరుస్తాయి, ఎంత చక్కటి మాట అది, వాళ్లకి తెలియకపోతే నువ్వెందుకు సిగ్గుపడాలి అని మొదలుపెట్టాను. అదీ ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టింది నేనే, కోపం వచ్చినప్పుడల్లా దాన్ని తప్పేదీ నేనే. వాడు విని, కాలు వెనక్కి లాక్కుని, "నువ్వు ఫస్ట్ బ్యాండేజ్ వెయ్యి" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే పొద్దున తలుపు దగ్గరే వాడు నొప్పి అన్నాడు. నేనే "కొత్తవి కదా నాన్నా, నాలుగు రోజులు కరుస్తాయి, తర్వాత అవే దారికొస్తాయి" అని పంపించేశాను. మా అమ్మ నాకు చెప్పిన మాటే, వాళ్లమ్మ ఆవిడకి చెప్పే ఉంటుంది. తోలు చెప్పుల విషయంలో అది నిజం కూడా, తోలు చెమటకి వేడికి మెత్తబడి కాలు ఆకారానికి సాగుతుంది. రబ్బరు అలా సాగి ఉండిపోదు. పచ్చి రబ్బరు ఎండకి జిగురుగా అయిపోయేది, చలికి పెళుసుబారేది, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాంట్లో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాకే ఇలాంటి బూట్లు సాధ్యమయ్యాయి. లోపలి పోగుల్ని గంధకం ఒకదానికొకటి కట్టేస్తుంది, అందుకే ఎంత లాగినా వదలగానే తన ఆకారానికి తను వచ్చేస్తుంది. అంటే మొదటి రోజు కరిచిన రబ్బరు బూటు నాలుగు నెలలైనా అక్కడే కరుస్తుంది. ఈ సంగతి నాకు తెలియంది కాదు. మొక్కల నర్సరీలో పని నాది, రోజుకి ఎనిమిది గంటలు తడి నేల మీద గమ్ బూట్లలోనే ఉంటాను. తెలిసీ పిల్లాడి కాలి దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ మాటే నోట్లోంచి వచ్చింది.

పైగా ఒక సైజు పెద్దవి కొన్నాను, పెరిగే కాలు కదా వచ్చే ఏడాది కూడా వస్తాయని. వాడి మడమ కోసుకుపోయింది దానివల్లే. బూటు బిగువైతేనే కరుస్తుందనుకుంటాం కానీ వదులైనా అంతే, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మడమ లోపల పైకీ కిందకీ జారి రాసుకుంటుంది, రబ్బరు బూటుకి బిగించుకోడానికి లేసులు కూడా ఉండవు.

నా మొదటి జత గురించి కూడా చెప్పాలి. చవగ్గా వచ్చాయని పీవీసీవి, అంటే రబ్బరు కాదు, ఒక రకం ప్లాస్టిక్‌వి కొన్నాను. నీళ్లు రావు, ఆ మాట నిజమే, కానీ చలికి కర్రలా బిగుసుకుపోయేవి, వంగే చోట వేళ్ల మీద ఒత్తుకునేవి. రెండు చలికాలాలు వాటితోనే గడిపాను. సాయంత్రం సాక్సుకి రక్తం అంటుకుని ఉంటే ఎవరూ చూడకుండా ఉతికేసేదాన్ని, ఎవరికైనా చెబితే చేతకానిదాన్ననుకుంటారని. ఓర్చుకోవడం గొప్పనుకున్నాను, ఇప్పుడు అదే వాడి దగ్గర ఆశిస్తున్నానా అని భయం వేసింది.

శనివారం వాణ్ణి తీసుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. ఈసారి నాకు తెలిసినవన్నీ చూశాను, మీలో ఎవరైనా రోజువారీకి కొనేవాళ్లుంటే పనికొస్తాయని రాస్తున్నా. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. రోజూ వేసుకునే మందం సాక్సుతోనే వేసి చూడాలి. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద కాలు పెట్టిస్తే ఎంత ఖాళీ ఉందో కళ్లకే కనిపిస్తుంది. పిక్క దగ్గర రెండు వేళ్లు దూరాలి, లేదంటే విప్పడానికి యుద్ధం. తర్వాత గొంతుక్కూర్చోమనాలి, మెట్లు ఎక్కి దిగమనాలి, నిలబెట్టి చూస్తే ఏమీ తెలీదు. బూటుని చేత్తో వంచి చూస్తే మంచి రబ్బరు మెత్తగా వంగి వెంటనే తిరిగొస్తుంది. సహజ రబ్బరు మీద ఒక్కోసారి తెల్లటి పొడిలా తేలుతుంది, బూజనుకుని నేను ఒకసారి మంచి జత వదిలేశాను, అది రబ్బరులో కలిపినవే పైకి తేలడం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

పెద్దవాళ్ల వర్క్ బూట్ల మీద ఎస్5 అనే భద్రతా గుర్తు ఉంటే ముందు భాగంలో వేళ్లని కాపాడేందుకు 200 జౌల్స్ (దెబ్బ శక్తికి కొలత) దాకా తట్టుకునే గట్టి టోపీ, కింద మేకు దిగకుండా పొర ఉంటాయి. బరువులు మోసే పనికి అది కావాలి. ఊరికే నడకకీ తోటపనికీ అయితే స్టీల్ టోపీ అనవసరం, బరువు, చలికి వేళ్లు గడ్డకట్టిస్తుంది. ఆయిల్, పెట్రోల్ ఉన్నచోట సహజ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, అక్కడ నైట్రైల్ అనే నూనెకి తట్టుకునే కృత్రిమ రబ్బరు కలిసినవి చూసుకోండి.

ఇంకోటి, నీళ్లు లోపలికి రాని బూట్లోంచి చెమట కూడా బయటికి పోదు. కాటన్ సాక్సు ఆ తడిని పట్టుకుని కూర్చుంటుంది, ఉన్నిదే నయం. ఇంటికొచ్చాక ఇన్‌సోల్ తీసి విడిగా ఆరబెట్టాలి, బూట్లో న్యూస్ పేపర్ ఉండలు పెట్టాలి, ఎండలో, హీటర్ పక్కన పెట్టకూడదు, రబ్బరు పగుళ్లిస్తుంది. మావాడికి ఇది పదిసార్లు చెప్పాను. డ్యూటీకి టైమైపోతే నావి హీటర్ పక్కనే పెడతాను, వాడు చూస్తాడు, ఏమీ అనడు.

షాపులో నాలుగు జతలు వేసి చూశాడు. సరిగ్గా సరిపోయేవే తీసుకున్నాం, వచ్చే ఏడాదికి రావు, రాకపోనీ. దారిలో ఎలా ఉన్నాయి నాన్నా అంటే "ఫైన్" అన్నాడు. కరుస్తున్నాయా అని అడగబోయి ఆగిపోయాను. అప్పటినుంచి ఆ మాట మా ఇంట్లో ఎవరం అనలేదు. నొప్పి చెప్పుకోడానికి వాడి దగ్గరున్న ఒక్క తెలుగు మాటని స్కూల్లో నవ్వి సగం తీసేస్తే, ఓర్చుకో అని నేను మిగతా సగం తీసేశానేమో. రెండో భాషలో దానికి వాడు ఇంకా మాట వెతుక్కోలేదు, లేదా వెతుక్కున్నా నాతో అనట్లేదు.

అందుకని రోజూ వాడు నిద్రపోయాక దుప్పటి కొంచెం తొలగించి ఫోన్ వెలుతురులో మడమలు చూస్తున్నాను. పాత బొబ్బ మానిపోయింది. నిన్న రాత్రి కుడికాలిది కొంచెం ఎర్రగా అనిపించింది. పొద్దున అడిగితే ఫైన్ అన్నాడు.