బల్బు లెక్కలో మూడో ప్రశ్న

పడుకోవలసిన వేళలో ఇది రాస్తున్నానంటే దానికి కారణం చిన్నదాని భౌతికశాస్త్రం పుస్తకంలోని ఒక లెక్క. ఒక బల్బుకు 6 వోల్టులు ఇచ్చినప్పుడు 0.3 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించిందట. దాని నిరోధం ఎంత, అది వినియోగించే సామర్థ్యం ఎంత, అదే బల్బును 12 వోల్టులకు కలిపితే ప్రవాహం ఎంత అని అడిగారు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. ఆరును 0.3తో భాగిస్తే 20 ఓమ్‌లు, గుణిస్తే 1.8 వాట్లు. మూడోదానికి పుస్తకం చివర ఇచ్చిన జవాబు 0.6 ఆంపియర్లు. సాయంత్రం నుంచి నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే.

ముందుగా మంచి మాట చెప్పేస్తాను. చిన్నది సామర్థ్యాన్ని మూడు విధాలుగా కట్టింది: వోల్టేజిని ప్రవాహంతో గుణించి, ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణించి, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించి. అన్నిసార్లూ 1.8 రావడం చూసి మురిసిపోయింది. వెంటనే, ఒక సూత్రంలో నిరోధంతో పాటు సామర్థ్యం పెరుగుతుంటే ఇంకొకదానిలో తగ్గుతోందేమని నిలదీసింది. ప్రవాహం మారకుండా ఉన్నచోట ప్రవాహ వర్గం సూత్రం, వోల్టేజి మారకుండా ఉన్నచోట వోల్టేజి వర్గం సూత్రం వర్తిస్తాయని, శ్రేణిలో కలిపిన రెండు బల్బుల్లో ఎక్కువ నిరోధం గలది బాగా వెలగడానికీ, సమాంతరంగా కలిపితే తక్కువ నిరోధం గలది బాగా వెలగడానికీ అదే కారణమని చెప్పాను.

ఇక 0.6 సంగతి. పన్నెండును ఇరవైతో భాగిస్తే అంతే వస్తుంది, కాదనను. అయితే ఆ 20 ఓమ్‌లు 6 వోల్టుల దగ్గర వెలుగుతున్న ఫిలమెంటువి. వోల్టేజిని రెట్టింపు చేస్తే ఫిలమెంటులోని టంగ్‌స్టన్ లోహం ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, కనుక ప్రవాహం రెట్టింపు కాదు. బల్బు మాడిపోకుండా నిలిస్తే ప్రవాహం సుమారు 0.44 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. సామర్థ్యం పుస్తకం లెక్కన 7.2 వాట్లు కావాలి గానీ 5.3 వాట్ల దగ్గరే ఉంటుంది. అది 6 వోల్టులకని తయారైన బల్బే అయితే మనం మీటరు చూసే లోపునే మాడిపోతుంది.

నా కోపం పుస్తకం మీదది కాదని, కళాశాల ప్రయోగశాల నాటిదని ఈయన అంటారు. కావచ్చు. నిరోధాన్ని మార్చే రియోస్టాట్‌ను జరుపుతూ వోల్ట్‌మీటరు, అమ్మీటరు రీడింగులు రాసుకుని గ్రాఫు గీసే ప్రయోగం అది. హీటర్లలో వాడే నిక్రోమ్ తీగ బిందువులు బుద్ధిగా సరళరేఖ మీద కూర్చున్నాయి. బల్బు బిందువులు మాత్రం మొదట నిటారుగా లేచి, వోల్టేజి పెరిగే కొద్దీ వాలిపోయాయి. మా అధ్యాపకుడు, ఓమ్ నియమం ప్రకారం గీత తిన్నగా రావాలంటూ, నా వంపు గీత మీదుగా ఎర్ర పెన్సిలుతో ఒక తిన్నని గీత లాగి, రీడింగులు మళ్లీ తీసుకురమ్మన్నారు. తీశాను, ప్రతి రీడింగుకూ ముల్లు నిలకడగా నిలిచేదాకా ఆగి మరీ తీశాను, మళ్లీ అదే వంపు వచ్చింది. నా పక్క బల్ల అమ్మాయి బల్బు వెలిగించకుండానే నిరోధం ఇంతని అనుకుని, ప్రవాహాలను లెక్కగట్టి పట్టికలో నింపేసింది. దానికి పూర్తి మార్కులు వచ్చాయి, నాకు సగం!

ఏ నియమం పేరు చెప్పి నా గీతను కొట్టివేశారో ఆ ఓమ్ కొలోన్‌లో బడి పంతులుగా ఉంటూ ఈ ప్రయోగాలు చేశాడు. 1825 నాటి కొలతల్లో ఘటాల వోల్టేజి నిలకడగా ఉండక ఇబ్బంది పడి, భౌతికశాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహాతో బిస్మత్, రాగి ఉష్ణయుగ్మానికి, అంటే రెండు సంధుల వేడిమి తేడాతో విద్యుత్తు పుట్టించే లోహాల జంటకు, మారాడు. ఒక సంధిని మరిగే నీటిలో, మరొకదాన్ని మంచులో ఉంచి, ఏ ఒడుదొడుకూ రానివ్వకుండా కొలిచి, ఆ తరువాతనే 1827లో తన పుస్తకం వెలువరించాడు. నిలకడ కోసం అంత తాపత్రయపడిన మనిషి నియమాన్ని, గది వేడిమి నుంచి 2000 డిగ్రీల సెల్సియస్ దాకా ఎగబాకే తీగ మీద రుద్దడం ఏమి న్యాయం?

ఇంతవరకు రాసి చదువుకుంటే, పుస్తకం మీద మరీ విరుచుకుపడ్డానేమో అనిపిస్తోంది. వోల్టేజిని ప్రవాహంతో భాగించి నిరోధం కట్టడం ఏ వస్తువుకైనా, ఏ క్షణంలోనైనా చెల్లుతుంది; బల్బుకూ చెల్లుతుంది. ఆ నిష్పత్తి మారదనడం వేరే మాట, ఓమ్ నియమం చెప్పేది ఆ మాటే, అదీ ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు. పిల్లలకు స్థిరమైన నిరోధంతో మొదలుపెట్టకపోతే లెక్క ముందుకు సాగదు కూడా. బల్బుకు బదులు నిక్రోమ్ తీగ అని అచ్చువేసి ఉంటే 0.6 చాలావరకు సరిపోయేది, నేనూ ఈపాటికి నిద్రపోయి ఉండేదాన్ని. పుస్తకాన్ని కాబట్టి సగం క్షమిస్తున్నాను. ఎర్ర పెన్సిలును మాత్రం క్షమించలేను, ఎందుకంటే అక్కడ ఉన్నది ఊహించుకున్న బల్బు కాదు, కళ్లెదుట వెలుగుతున్న బల్బు.

రాత్రి భోజనాలయ్యాక పాత టార్చిలో నుంచి 6 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని రాసి ఉన్న బల్బును తీసి, చల్లగా ఉండగానే మల్టీమీటరుతో కొలిచి చిన్నదానికి చూపించాను. 20 కాదు, రెండు ఓమ్‌లు! బ్యాటరీ ఇవ్వగలిగితే స్విచ్ వేసిన తొలి క్షణంలో అది 3 ఆంపియర్లు లాగి, రెప్పపాటులో 0.3కు దిగుతుందన్నమాట; ఫిలమెంటు బల్బులు తరచుగా స్విచ్ వేసినప్పుడే పోవడానికి ఈ తొలి తాకిడి ఒక కారణం. మీటరులో సెల్ అయిపోయి ఉంటుందని తేల్చిన ఈయన, కొత్తది వేసి తామే స్వయంగా కొలిచారు. మళ్లీ రెండే.